కాలిఫోర్నియా బంగారం: పళ్ళెం నుంచి నీటి ఫిరంగి దాకా, అసలు పని ఎలా జరిగింది?

ఇసుకమేట
1849 గోల్డ్ రష్ గురించి తెలుగులో దొరికే వ్యాసాలన్నీ ఒకే తీరున ఉంటున్నాయి. మార్షల్‌కి ఏట్లో మెరుస్తున్న ముక్క దొరికింది, లోకమంతా పరిగెత్తింది, కొందరు బాగుపడ్డారు, చాలామంది చితికిపోయారు. అంతే. చేతులతో పని ఎలా చేశారో రాసినవాళ్ళు కనబడరు. ఇక్కడ ఖనిజాలూ రసాయనాలూ పాత లెక్కలూ తెలిసినవాళ్ళున్నారు కాబట్టి అడుగుతున్నాను.

పళ్ళెంతో ఇసుక కడిగితే రోజుకు నిజంగా ఎంత వచ్చేది? పాదరసం ఏ దశలో కలిపేవారు, ఎందుకు? నాలుగైదేళ్ళకే పళ్ళేలు పక్కకు పోయి కొండల మీదికి నీటి గొట్టాలు ఎందుకొచ్చాయి? ఇంకొకటి మన పక్క సంగతి. కోలారులోనూ బంగారమే కదా, అక్కడ జనం అలా ఎందుకు ఎగబడలేదు?

తక్కెడ
పళ్ళెం సంగతి నేను చెబుతాను. ముందు బరువులు తెలియాలి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది.

మేలిమి బంగారం నీటికి 19.3 రెట్లు బరువు. ఏటి బంగారంలో కొంత వెండి కలిసి ఉంటుంది కాబట్టి కాస్త తగ్గుతుంది, 17 అనుకోండి. ఇసుకలో ఎక్కువ భాగం పలుగురాయి, దాని బరువు 2.65 రెట్లు. నీళ్ళలో మునిగినప్పుడు ప్రతిదాని నుంచీ 1 తీసేయాలి. అప్పుడు పలుగురాయి 1.65, బంగారం 16. అంటే గాలిలో ఆరు రెట్లున్న తేడా నీళ్ళలో పది రెట్లవుతుంది. చేటతో చెరగడం కన్నా నీళ్ళలో కడగడం మేలు కావడానికి కారణం ఇదే. నీళ్ళు దొరకని చోట మెక్సికో నుంచి వచ్చిన సొనోరా వాళ్ళు గాలికి ఎగరబోసి కూడా తీశారు కానీ, అందులో సన్న రజను నిలవదు.

కడిగే పద్ధతి ఇది. పళ్ళేన్ని మూడొంతుల్లో రెండొంతులు నింపి మొత్తం నీళ్ళలో ముంచాలి. ముందు చేతులతో మట్టిగడ్డలు పిసికి కరిగించాలి. పెద్ద గులకరాళ్ళను కడిగి, కడిగాకే పారేయాలి. తర్వాత పళ్ళెం మట్టంగా పట్టుకుని పక్కలకు గట్టిగా ఊపాలి, బరువైనది అడుగుకు దిగుతుంది. ఆపైన అంచు ముందుకు వంచి నీళ్ళలో ముంచుతూ లేపుతూ ఉంటే పైపొర కొట్టుకుపోతుంది. నాలుగైదు ముంపులకోసారి మళ్ళీ మట్టం చేసి ఊపాలి. చివరికి ఒక చెంచాడు నల్ల ఇసుక మిగులుతుంది. కాసిని నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పితే నల్ల ఇసుక తోకలా సాగుతుంది, దాని వెనక బంగారం నిలుస్తుంది.

చెడిపోయేది మూడు చోట్ల. బంకమన్ను సరిగా కరగకపోతే ఉండలు దొర్లుతూ రజనును తమకు అంటించుకుని పోతాయి. పళ్ళేనికి జిడ్డు ఉంటే సన్న రేకులు నీటి మీద తేలిపోతాయి, అందుకే కొత్త ఇనుప పళ్ళేన్ని ముందు నిప్పుల మీద కాల్చేవారు. మూడోది తొందర. మట్టం చేసి ఊపకుండా అదేపనిగా వంచితే మధ్యలో ఉన్న బంగారం పైపొరతో పాటే వెళ్తుంది.

ఒక్కో పళ్ళెంలో పట్టేది దాదాపు 10 కిలోలు. చేయి తిరిగిన మనిషి రోజంతా చేస్తే 50 పళ్ళేలు. ఘన గజం అంటే సుమారు 180 పళ్ళేలు. కాబట్టి ఒక మనిషి రోజుకు ఘన గజంలో మూడో వంతు కూడా కడగలేడు. ఈ అంకె గుర్తుంచుకోండి.

ఇసుకమేట
చాలా స్పష్టంగా చెప్పారు తక్కెడ గారూ. చిన్న అనుమానం. చివర మిగిలే నల్ల ఇసుకలో మెరిసేదంతా బంగారం కాదు కదా? మార్షల్‌కి అది బంగారమేనని ఎలా తెలిసింది?

రసకుప్పె
ఈ పరీక్షలు తెలుసుకోదగ్గవే, పద్ధతిగా చేశారు.

1848 జనవరి 24న అమెరికన్ నది దక్షిణ పాయ మీద కొలోమా దగ్గర, జాన్ సట్టర్ కోసం కడుతున్న కోతమిల్లు నుంచి నీళ్ళు బయటికి పోయే కాలువలో జేమ్స్ మార్షల్‌కి ముక్కలు కనబడ్డాయి. మొదట రాయి మీద పెట్టి కొట్టాడు. పగలలేదు, సాగింది. ఒక్క దీనితోనే ఇనుప గంధకం, అంటే పైరైట్, తేలిపోతుంది. దాన్ని కొడితే పొడవుతుంది, రాతి మీద గీస్తే పచ్చదనం కలిసిన నల్ల గీత వస్తుంది. బంగారమైతే పసుపు గీతే. పనివాళ్ళకు వంట చేసే జెన్నీ విమ్మర్ ఒక ముక్కను సబ్బు కాచే క్షారంలో వేసి ఉడికించింది, రంగు మారలేదు. తర్వాత సట్టర్ కోటలో నత్రికామ్లం వేసి చూశారు, తక్కెడలో వెండితో సరితూచి నీళ్ళలో ముంచి చూశారు. నీళ్ళలో బంగారం వైపు తక్కెడ దిగింది.

పళ్ళెంలో కొత్తవాళ్ళను మోసం చేసేది పైరైట్ కన్నా కాకిబంగారం, అంటే అభ్రకం పలుకులు. ఎండలో మెరుస్తాయి, నీడలో చచ్చిపోతాయి, నీటి కదలికకు లేచి తేలుతాయి. బంగారం నీడలో కూడా అదే రంగులో ఉంటుంది, కదిలిస్తే కదలడానికి ఇష్టపడదు.

నల్ల ఇసుకను వేరు చేయడానికి ఎండబెట్టి అయస్కాంతం తిప్పేవారు, మిగిలినదాన్ని నోటితో మెల్లగా ఊదేవారు. ఊదడంలో పోయిన సన్న రజను ఎంతో లెక్కలేదు.

గనిమెట్లు
పళ్ళెం నిజానికి వెదికే పనిముట్టు, తీసే పనిముట్టు కాదు. ఎక్కడ ఉందో చూసుకోవడానికి పళ్ళెం. ఉందని తేలాక ఊయల పెట్టె.

ఊయల పెట్టె మూడు నాలుగు అడుగుల పొడవుండే చెక్క పెట్టె, కింద రెండు వంపు కర్రలు. పైన చిల్లుల ఇనుప రేకు బిగించిన తొట్టి, చిల్లు అర అంగుళం. తొట్టి కింద వెనక్కి వాలుగా బిగించిన కాన్వాస్ గుడ్డ. దాని కింద నేల పలక, పలక మీద అడ్డంగా రెండు మూడు కర్ర బద్దలు. ఒకరు తవ్వుతారు, ఒకరు మోస్తారు, ఒకరు ఒక చేత్తో డబ్బాతో నీళ్ళు పోస్తూ రెండో చేత్తో ఊపుతారు. రాళ్ళు తొట్టిలో మిగులుతాయి, సన్నది గుడ్డ మీదుగా వెనక్కి జారి, మళ్ళీ ముందుకు బద్దల మీదుగా పారుతుంది. బరువైనది గుడ్డ మడతలోనూ బద్దల వెనకా నిలుస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిస్తే రోజుకు 3 నుంచి 5 ఘన గజాలు. పళ్ళెంతో పోలిస్తే మనిషికి నాలుగైదు రెట్లు.

లోపం ఏంటంటే, నీళ్ళు ఆగి ఆగి పడతాయి. ఆగిన ప్రతిసారీ బద్దల వెనక ఇసుక గట్టిపడి మేకులా బిగుసుకుంటుంది. ఆ తర్వాత వచ్చే బంగారానికి దిగే సందు ఉండదు, పై నుంచి జారిపోతుంది. అందుకే గంటకోసారైనా బద్దల వెనక కెలకాలి. వాలు ఎక్కువైనా, ఊపు కుదుపుగా ఉన్నా ఇదే నష్టం.

1850 శీతాకాలం నాటికి లాంగ్ టామ్ ఎక్కువగా కనిపించింది. 12 అడుగుల తొట్టి, కింది చివర చిల్లుల రేకు పైకి వంచి ఉంటుంది, దాని కింద బద్దల పెట్టె. దీనికి నీళ్ళు ఆగకుండా పారాలి. ఆ తర్వాత స్లూయిస్, అంటే 12 అడుగుల చెక్క కాలువలు ఒకదాని నోట్లో ఒకటి దూర్చుకుంటూ వందల అడుగులు. ప్రతి పెట్టెకు ఆరేడు అంగుళాల వాలు. ఇంతకన్నా తక్కువైతే రాళ్ళు ఆగిపోతాయి, ఎక్కువైతే సన్న బంగారం ఆగదు. మట్టి బంకగా ఉంటే పెట్టెల పొడవు పెంచాలి, ఉండలు దొర్లుతూ విడిపోవడానికి దూరం కావాలి కనుక.

ఎక్కడ తవ్వాలి అన్నది కూడా ఇందులో భాగమే. ఏటి వంపు లోపలి వైపు, పెద్ద గుండ్ల వెనక, అన్నింటికన్నా ముఖ్యంగా అడుగు బండ పగుళ్ళలో. కంకర పైపొరలు తోసేసి, బండ మీది చివరి అడుగు మందాన్నే కడిగేవారు. బండ పగుళ్ళను కత్తి మొనతో గీకి మరీ తీసేవారు.

తక్కెడ
ఇప్పుడు ఇసుకమేట గారు అడిగిన రోజు కూలి లెక్క. చరిత్రకారులు వేసిన సగటు అంచనాలు ఇవి: 1848లో రోజుకు 20 డాలర్లు, 1849లో 16, 1850లో 10, 1852లో 6, 1850ల చివరికి 3. అప్పుడు గనుల దగ్గర ఔన్సు రజనుకు 16 డాలర్లు ఇచ్చేవారు, టంకసాల ధర మేలిమికి 20.67.

పళ్ళెం లెక్కకు అన్వయించి చూడండి. రోజుకు 16 డాలర్లంటే ఒక ట్రాయ్ ఔన్సు, 31.1 గ్రాములు, రెండు తులాల ముప్పాతిక లోపు. 50 పళ్ళేల్లో ఇది రావాలంటే పళ్ళేనికి 0.6 గ్రాము, ఘన గజానికి 110 గ్రాముల పైన ఉండాలి. అంత మేలైన కంకర నది అడుగున కొద్ది చోట్లే ఉంది, ముందొచ్చినవాళ్ళు దాన్ని ఏడాది రెండేళ్ళలో ఊడ్చేశారు. మొత్తం ఉత్పత్తి మాత్రం 1852 దాకా పెరుగుతూనే పోయింది, ఆ ఏడు 8 కోట్ల 10 లక్షల డాలర్లు. మొత్తం శిఖరానికి చేరిన ఏడే ఒక్కొక్కరి వాటా మూడింట ఒక వంతుకు పడిపోయింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టకుండా గోల్డ్ రష్ గురించి రాయకూడదని నా అభిప్రాయం.

ఏటిగట్టు
తక్కెడ గారి లెక్కకు ఒకటి జోడించాలి. వాటా తగ్గేకొద్దీ పక్కవాణ్ణి గెంటే చట్టాలు వచ్చాయి. 1850లో కాలిఫోర్నియా శాసనసభ విదేశీ గని కార్మికుల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేసింది. పైన చెప్పిన సొనోరా వాళ్ళు, చిలీ వాళ్ళు వేలమంది గనులు వదిలి వెళ్ళిపోయారు. మరుసటి ఏడు రద్దు చేసి, 1852లో నెలకు 3 డాలర్లుగా తిరిగి తెచ్చారు, ఈసారి గురి చైనావాళ్ళ మీద. ఇతరులు వదిలేసిన కంకర కడుక్కునేవాళ్ళ దగ్గర ఆ డబ్బు పిండారు.

అక్కడి మూలవాసుల సంగతి ఇంకా ఘోరం. 1848లో సుమారు లక్షన్నర ఉన్న వాళ్ళ జనాభా 1870 నాటికి 30 వేలకు దిగింది. రోగం, ఆకలి, కూలిచ్చి చేయించిన హత్యలు. 1850లోనే వచ్చిన ఒక చట్టం పేరులో వాళ్ళ రక్షణ అని ఉంది, లోపల మాత్రం వాళ్ళను వెట్టికి పట్టుకునే వీలుంది. 1848 తొలి నెలల్లో నదిలో బంగారం కడిగినవాళ్ళలో సగం దాకా వాళ్ళే. ఆ పేజీ తెలుగు వ్యాసాల్లో అసలు కనబడదు.

ఆస్ట్రేలియాలో పన్ను తీరు వేరు. కాలిఫోర్నియా చూసి వచ్చిన ఎడ్వర్డ్ హార్‌గ్రేవ్స్ 1851 ఫిబ్రవరిలో బాథర్స్ట్ దగ్గర బంగారం చూపించాడు. ఊయల పెట్టె చేయడం అక్కడి కుర్రాళ్ళకు నేర్పింది ఆయనే. విక్టోరియాలో ప్రభుత్వం బంగారం దొరికినా దొరకకపోయినా నెలకు 30 షిల్లింగుల లైసెన్సు పెట్టింది. 1854 డిసెంబర్ 3న బల్లారట్‌లో యురేకా దడి దగ్గర కాల్పులు జరిగాక అది పోయి, 1855లో ఏడాదికి ఒక పౌండు హక్కుపత్రం వచ్చింది. దొరికినదాని మీద కాకుండా తవ్వే మనిషి మీద పన్ను వేస్తే ఏమవుతుందో చూపించిన ఉదాహరణ అది.

రసకుప్పె
పాదరసం ఇప్పుడు. స్లూయిస్ వచ్చాక దాని అవసరం పెరిగింది. బద్దల వెనక ముతక బంగారం తన బరువుతో ఆగుతుంది, పిండిలాంటిది ఆగదు. బద్దల సందుల్లో పాదరసం పోస్తే, దాన్ని తాకిన బంగారపు రేణువు అందులో తడిసి మునిగిపోతుంది. ఇసుక తడవదు, పైనుంచి పోతుంది. కంకర పారడం మొదలై బద్దల సందులు కొద్దిగా నిండాక పోయాలి, ఖాళీ పెట్టెలో పోస్తే ప్రవాహం లాక్కుపోతుంది.

వారానికో రెండు వారాలకో నీళ్ళు తగ్గించి, బద్దలు పై నుంచి ఒక్కొక్కటిగా ఊడదీసి, ముద్దను గరిటెతో ఎత్తేవారు. దాన్ని మేకతోలులో గానీ ముతక కాన్వాస్‌లో గానీ పోసి నీళ్ళలో పిండితే అదనపు పాదరసం బయటికి వస్తుంది, లోపల వెన్నలాంటి ముద్ద నిలుస్తుంది. అందులో బంగారం మూడో వంతు నుంచి సగం లోపు. ఆ ముద్దను ఇనుప కుప్పెలో పెట్టి కాయాలి. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆవిరి గొట్టంలోంచి వచ్చి చల్లబడి తిరిగి దొరుకుతుంది.

ఇక్కడ ప్రాణాలు పోయే తప్పు ఒకటుంది. గొట్టం చివర నీళ్ళలో లోతుగా ముంచకూడదు. మంట తగ్గగానే కుప్పె లోపలి ఒత్తిడి పడిపోయి నీళ్ళను లోపలికి లాగుతుంది, కాలిన ఇనుములోకి నీళ్ళు వెళ్తే కుప్పె పేలుతుంది. అందుకని గొట్టం చివర తడిగుడ్డ చుట్టి, గుడ్డ అంచు మాత్రమే నీళ్ళకు తగిలేట్టు పెట్టేవారు. కుప్పె లోపల సుద్ద గానీ మట్టి గానీ పూయకపోతే బంగారం ఇనుముకు అతుక్కుంటుంది. కుప్పె లేనివాళ్ళు పార మీద పెట్టి ఆరుబయట కాల్చారు, ఆ ఆవిరి పీల్చారు. చేతులు వణకడం, చిగుళ్ళు వాయడం, మతి తప్పడం దాని ఫలితాలు. ఈ పని ఇంట్లో ప్రయోగంగా ఎవరూ తలపెట్టకండి, ఆవిరి గది గోడల్లోకి ఇంకి ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది.

పాదరసం చెడిపోయేది కూడా. కంకరలో ఆర్సెనిక్, గంధకం ఖనిజాలు గానీ నూనె జిడ్డు గానీ ఉంటే దాని మీద పొర కట్టి సన్న పూసలుగా చెదిరిపోతుంది, పూసలు ఒకదానితో ఒకటి కలవవు. అలా చెదిరినది బంగారంతో సహా కొట్టుకుపోతుంది. స్లూయిస్‌లో ఏడాదికి 10 నుంచి 30 శాతం పాదరసం అలా పోయేది. అమెరికా భూగర్భ సర్వే అంచనా ప్రకారం కాలిఫోర్నియాలో కంకర గనుల నుంచి పర్యావరణంలోకి పోయింది కోటి పౌన్లు, అంటే 4,500 టన్నులు. రాతి గనుల వాటా మరో 30 లక్షల పౌన్లు. శాన్ హోసే దగ్గర న్యూ ఆల్మడెన్ పాదరసం గని పక్కనే ఉండటం, 34.5 కిలోల ఇనుప సీసాల్లో కావలసినంత దొరకడం వల్లే ఇంత ధారాళంగా వాడారు.

నీటిమూత
గొట్టాల ప్రశ్న నాకు వదిలారు, సంతోషం. ఇది నీటి కథ.

నది కంకర అయిపోయాక మిగిలింది కొండల మీది పాత కంకర. ఎప్పుడో ప్రవహించి ఎండిపోయిన నదుల పడకలు, కొన్ని చోట్ల వందల అడుగుల మందం. తక్కెడ గారు ఘన గజానికి 110 గ్రాములు అన్నారు, ఇక్కడ గజానికి 10 సెంట్ల బంగారం ఉంటే మామూలు. 10 సెంట్లంటే 0.15 గ్రాము. ఏడు వందల రెట్లు పలచన. పారతో తవ్వి ఎత్తితే ఎత్తిన కూలి కూడా రాదు. మట్టిని ఎత్తే పని మనిషి చేయకూడదు, నీళ్ళు చేయాలి.

1853లో నెవాడా సిటీ దగ్గర ఎడ్వర్డ్ మాటెసన్ కాన్వాస్ గొట్టానికి లోహపు ముక్కు బిగించి పైనుంచి వచ్చే నీటిని గట్టు మీద కొట్టాడు. గట్టు కూలింది, ఆ నీళ్ళే దాన్ని స్లూయిస్‌లోకి తోసుకెళ్ళాయి. తర్వాతి ఇరవై ఏళ్ళలో కాన్వాస్ పోయి రివెట్ల ఇనుప గొట్టం, చేతి ముక్కు పోయి ఇరుసు మీద తిరిగే నీటి ఫిరంగి వచ్చాయి. ఆ ధార ఎదుట మనిషి నిలబడితే చచ్చిపోతాడు.

నీళ్ళు కావలసిన ఎత్తుకు రావాలంటే మైళ్ళ కొద్దీ కాలువలు, లోయల మీద చెక్క దోనెలు, పైన ఆనకట్టలు కావాలి. నీటిని మైనర్స్ ఇంచ్ లెక్కన అమ్మేవారు. పలకలో చదరపు అంగుళం చిల్లు పెట్టి, దాని పైన ఆరు అంగుళాల నీటి మట్టం ఉంచితే పారేంత. ప్రాంతాన్ని బట్టి మారేది గానీ, నిమిషానికి 40 లీటర్ల చుట్టుపక్కల. కాలువ యజమాని ఒక రోజు నీళ్ళాపితే తవ్వేవాడి పని అక్కడే ఆగిపోతుంది. చాలా చోట్ల గని కన్నా కాలువే నమ్మకమైన రాబడి అయింది. ముందు మళ్ళించుకున్నవాడిదే నీటి హక్కు అన్న సూత్రాన్ని 1855లో ఇర్విన్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పడమటి రాష్ట్రాల నీటి చట్టానికి పునాది రాయి అదే.

ఎడతెగకుండా కొట్టుకొచ్చే మట్టిని పంపడానికి దారి కూడా కావాలి. మలకాఫ్ దగ్గర నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ కంపెనీ బండరాతిలో 7,800 అడుగుల సొరంగం తొలిచి 1874లో పూర్తి చేసింది. ఆ మట్టంతా యూబా నదిలోకి పోయింది. నది పడక పైకి లేచింది, మేరీస్‌విల్ ఊరు కరకట్టలు ఎంత పెంచినా 1875లో మునిగింది, కింది గోధుమ పొలాలు బురద కింద పడిపోయాయి. రైతులు కోర్టుకెక్కారు. 1884 జనవరి 7న జడ్జి లొరెంజో సాయర్ తీర్పు ఇచ్చారు. ఈ తీర్పు నీటి ఫిరంగిని నిషేధించిందని చాలామంది రాస్తారు, సరికాదు. నదుల్లోకి మట్టి వదలడాన్ని నిషేధించింది. మట్టి వదలకుండా ఆ పని గిట్టదు కాబట్టి గనులు మూతపడ్డాయి. 1893లో కామినెట్టి చట్టం మట్టి ఆపే ఆనకట్టలు కడితే అనుమతి ఇస్తామంది. పాత రాబడి మళ్ళీ రాలేదు.

ఇసుకమేట
నీటిమూత గారూ, అద్భుతం. అయితే నీళ్ళు గడ్డకట్టే చోట? కెనడాలోని క్లోండైక్‌లో ఏం చేశారు?

నీటిమూత
అక్కడ శత్రువు మంచు కట్టిన నేల. 1896 ఆగస్టు 16న బొనాంజా వాగులో కీష్, డాసన్ చార్లీ, జార్జ్ కార్మాక్ బంగారం చూశారు. కంకర బండరాయిలా గడ్డకట్టి ఉంది. సాయంత్రం కట్టెలు పేర్చి నిప్పు పెట్టి, తెల్లారి కరిగిన కొద్ది మట్టినీ ఎత్తేవారు. ఒక మంటకు ఒక అడుగు లోతు దిగితే గొప్ప. అడుగు బండ దాకా ఇలా దిగి, అక్కడి నుంచి అడ్డంగా తొలుచుకుపోయేవారు. గోడలు గడ్డకట్టి ఉంటాయి కాబట్టి ఆసరా కర్రలు అక్కర్లేదు, శీతాకాలమే తవ్వే కాలం. వేసవిలో అయితే గుంటలో నీళ్ళు, కూలే గోడలు. శీతాకాలమంతా మట్టి గుట్టగా పోసి, మే నెలలో వాగు పారగానే స్లూయిస్‌లో కడిగేవారు. అంటే ఆర్నెల్ల పని ఫలితం వసంతం దాకా తెలియదు. 1898 నుంచి ఆవిరి గొట్టాలు గుచ్చి కరిగించడం వచ్చింది.

దారి కూడా గనిలాంటిదే. కెనడా పోలీసులు ఏడాదికి సరిపడా సామాను లేనివాణ్ణి సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. తిండి సుమారు 520 కిలోలు, పనిముట్లతో కలిపి టన్ను దగ్గరికి. చిల్కూట్ కనుమ మీదికి అది వీపు మీదే మోయాలి, వంతులవారీగా. ఈ నియమం క్రూరమనిపిస్తుంది గానీ, అది లేకపోతే ఆకలి చావులు ఎన్నో రెట్లు ఉండేవి.

గనిమెట్లు
కోలారు సంగతి చెప్పి నా భాగం ముగిస్తాను. అక్కడ జనం ఎగబడకపోవడానికి కారణం మనుషులు కాదు, రాయి. కాలిఫోర్నియాలో కొండల్లోని పలుగురాతి సిరలను నదులు లక్షల ఏళ్ళు నూరి, కడిగి, బంగారాన్ని ఏటి అడుగున పోగేసి పెట్టాయి. పళ్ళెం ఉన్నవాడికల్లా వాటా దొరికింది. కోలారులో బంగారం సిరలోనే ఉంది, సిర నిటారుగా భూమిలోకి దిగింది. పళ్ళెం పట్టుకున్నవాడికి అక్కడ పని లేదు.

పల్లె జనం పైపైన తవ్వి, రాయి నూరి, కడిగి తీసుకోవడం 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ చూసి రాశాడు. న్యూజిలాండ్ యుద్ధం నుంచి తిరిగొచ్చి బెంగుళూరులో ఉన్న మైఖేల్ లావెల్ 1875లో మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వకం హక్కు సంపాదించాడు కానీ ఒక్కడి సొమ్ముతో సాగలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. వాటాదారుల డబ్బు అడుగంటే వేళకు, పాత తవ్వకాల కిందికి దిగితే ఛాంపియన్ సిర తగిలింది. ఆ తర్వాత రాతిని దంచే స్టాంపులు, పాదరసం పూసిన రాగి పలకలు, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు. 2001 ఫిబ్రవరి 28న మూసే నాటికి లోతు 3 కిలోమీటర్లు దాటింది, మొత్తం తీసింది సుమారు 800 టన్నులు. లోతు పెరిగేకొద్దీ రాయి తన ఒత్తిడికి తానే పగిలి ఎగిరేది, గని చావుల్లో వాటి వాటా పెద్దది.

కూలీలు ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చారు. 1911 దాకా చిత్తూరు ఆ జిల్లాలోదే. కోలారు శిలల పట్టీ దక్షిణపు తోక చిత్తూరు వైపు దిగుతుంది, చిగరగుంట, బిసనత్తం గనులు దాని మీదివే.

పెట్టుబడి ఒక్కటే ఉండి బంగారం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే నీలగిరి వైనాడు చూడండి. విక్టోరియా నుంచి వచ్చిన బ్రౌ స్మిత్ నివేదిక తర్వాత 1880, 81లలో లండన్‌లో డజన్ల కొద్దీ కంపెనీలు పుట్టి వాటాలు అమ్ముకున్నాయి. దేవాల, పందలూరుల దగ్గర యంత్రాలు దించారు. సిరల్లో ఖర్చుకు సరిపడే బంగారం లేదు. రెండు మూడేళ్ళలో కూలిపోయాయి.

హట్టిరాయి
నిజాం రాజ్యంలోని హట్టి విడిచిపెడితే ఎట్లా? రాయచూరు జిల్లా హట్టిలో 1902 నుంచి 1920 దాకా కంపెనీ గని నడిచింది, అప్పుడది హైదరాబాదు రాజ్యమే. వాళ్ళు దిగేసరికి పాత తవ్వకాలు 640 అడుగుల దాకా ఉన్నయి. ఇనుప ఉలి, కట్టెల మంట తప్ప ఏం లేని రోజుల్లో అంత లోతు. రాతి మీద మంట పెట్టి కాల్చాలి, వేడి మీద నీళ్ళు గుమ్మరించాలి. పైపొర నెర్రెలు వారుతది, ఉలితో ఊడగొట్టాలి. రాతికి రాతికీ వేడి గుణం తేడా కాబట్టి సిర, పక్క రాయి అతుకు దగ్గర ముందు విడుతది. పొగ పోయేందుకు రెండో బావి లేకుంటే ఆ పని కుదరదు. ఊడిన రాళ్ళను బండ మీది గుంతల్లో నూరి కడిగేటోళ్ళు. ఆ గుంతలు ఇప్పటికీ దక్కన్ పాత గనుల దగ్గర కనబడతయి.

రసకుప్పె
కోలారు మాట వచ్చింది కాబట్టి సైనైడ్ చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్‌లో 1886లో తవ్వకం మొదలైంది. పై రాయి తుప్పుపట్టి వదులుగా ఉండేది, పాదరసం పని చేసింది. కొద్ది లోతుకే పైరైట్ తగిలింది, బంగారం దాని లోపల చిక్కుకుంది, పాదరసానికి అందలేదు. గనులు మూతపడతాయనుకున్నారు. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంటు తీసుకున్న పద్ధతి 1890లో అక్కడికి చేరింది.

నూరిన ఇసుకను పెద్ద తొట్లలో పోసి, వెయ్యి పాళ్ళ నీళ్ళకు ఒకటి రెండు పాళ్ళు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ సైనైడ్ కలిపిన నీటిని రోజుల తరబడి ఇంకనివ్వాలి. బంగారం కరగాలంటే గాలిలోని ఆక్సిజన్ కూడా కావాలి, అందుకే నీటిని పూర్తిగా దించి, ఇసుకకు గాలి తగలనిచ్చి మళ్ళీ నింపాలి. సున్నం తప్పనిసరి. రాయి పులుపుగా ఉంటే సైనైడ్ విషవాయువుగా మారి పోతుంది, మనిషీ పోతాడు, మందూ పోతుంది. రాతిలో రాగి ఉంటే బంగారం కన్నా ముందు అదే మందును తినేస్తుంది. పిండి మరీ సన్నగా ఉంటే తొట్టి అడుగున బంకలా పేరుకుని నీరు దిగదు, అందుకని ఇసుకనూ బురదనూ ముందే వేరు చేసేవారు. కరిగిన నీటిని జింక్ తురుము పెట్టెల గుండా పంపితే బంగారం నల్లటి బురదగా దిగుతుంది. దాన్ని ఆమ్లంతో కడిగి, వెలిగారం వేసి కరిగిస్తే కడ్డీ.

తొంభై శాతం పైగా చేతికొచ్చింది. పాత గనులు పారేసిన ఇసుక గుట్టలను తిరిగి కడిగారు, అవీ గిట్టాయి. కోలారు గనుల చుట్టూ కనిపించే బూడిద రంగు గుట్టలు ఈ పద్ధతి మిగిల్చినవే. వేసవి గాలికి ఆ పొడి ఇళ్ళలోకి వస్తుంది.

తక్కెడ
పాత రికార్డులు చదివేవాళ్ళకు ఒక జాగ్రత్త. కాలిఫోర్నియా పత్రాల్లో ఔన్సు అంటే ట్రాయ్ ఔన్సు, 31.1 గ్రాములు. పౌను అంటే బంగారానికైతే 12 ఔన్సులు, 373 గ్రాములు. పిండికైతే 16 మామూలు ఔన్సులు, 454 గ్రాములు. ఒకే లేఖలో రెండూ వస్తాయి. రజనులో మేలిమి కూడా చూసుకోవాలి. గనుల దగ్గర 16 డాలర్లకే కొనడంలో వర్తకుడి లాభంతో పాటు అందులోని వెండి, అంటుకున్న నల్ల ఇసుక, కరిగించే ఖర్చు ఉన్నాయి. కోలారు లెక్కల్లో టన్నుకు ఇన్ని ఔన్సులనీ, పెన్నీవెయిట్లనీ రాస్తారు. పెన్నీవెయిట్ ఔన్సులో ఇరవయ్యో వంతు, 1.555 గ్రాములు. మన తులం 11.66 గ్రాములు, కాబట్టి ఏడున్నర పెన్నీవెయిట్లు ఒక తులం.